పక్కన కూర్చుని చదవాల్సిన అంకె

సిస్టరమ్మ పోయిందని మొన్న మంగళవారం పొద్దున నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆమె తమ్ముడి కూతురు. "నిద్రలోనే పోయిందక్కా. మీ మామకు మెల్లగా చెప్పండి" అంది. నేను అంగట్లో కందిపప్పు తూస్తున్నాను. పొట్లం సగంలో వదిలేసి, పేపరు చదువుకుంటున్న మామ దగ్గరికి వెళ్లాను. స్టూలు లాక్కుని ఆయన పక్కనే కూర్చుని చెప్పాను. మామ పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత, "నంద్యాల బస్సు ఎన్నింటికుండాది?" అని మాత్రం అడిగాడు.

మా వ్యాపారస్తుల ఇళ్లలో కోడలు మామగారి పక్కన కూర్చోవడం ఉండదు. ఎదురుగా, నాలుగడుగులు ఎడంగా నిలబడి, తల కాస్త వంచి మాట్లాడాలి. నన్ను పెంచింది కూడా అట్లాగే. మా ఇంట్లో ఆ పద్ధతి మారిపోయి కొన్నేళ్లయింది. మార్చింది సిస్టరమ్మ. ఆ మార్పు వల్లే మామ ఈ రోజు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. నేను దాచుకోవలసిన సిగ్గు కూడా అందులో ఒకటుంది. ఆమె ఉండగా దాన్ని ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె మాకు చుట్టం కాదు. ఆళ్లగడ్డలో మా అంగడి వెనక వీధిలో ఉండేది. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. పొట్టిగా, బిరుసుగా, ఎప్పుడూ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టు కనిపించేది. ఆదివారం ప్రార్థనకు తెల్ల చీర, మిగతా ఆరు రోజులూ ముదురు రంగు నూలు చీరలు. వయసులో పెద్దదైన మా అత్త కూడా ఆమెను సిస్టరమ్మా అనే పిలిచేది. ఆమె అసలు పేరు నాకు శవపేటిక మీద చూసినప్పుడే తెలిసింది. ఆ పేరుతో నేనెప్పుడూ పిలవలేదు కాబట్టి ఇక్కడ రాయను.

మా ఊరు శిల్పాలకు పేరు. రోడ్డు పొడుగునా రాళ్లు, సగం తేలిన దేవుళ్లు, ఉలి చప్పుడు. దేవుడికి ముక్కూ మూతీ వచ్చేసరికి చెక్కినాయన ఛాతీలో అంత రాతిదుమ్ము చేరి ఉంటుంది. ఉద్యోగం చేసినన్నాళ్లూ సిస్టరమ్మ ఎక్కువగా విన్నది ఆ దగ్గులే. ఊపిరి సంగతి ఆమెకు తెలిసినట్టు నాకు తెలిసి ఇంకెవరికీ తెలియదు. శిల్పుల షెడ్డు ముందు ఆగి, "ఏమప్పా, ఈ వినాయకుడు యా ఊరికి పోతాండాడు?" అని మాటల్లో పెట్టేది. ఆయన ఊరి పేరు చెప్పి, ఆ గుడి కథంతా చెప్పి, అక్కడి పూజారి గొప్పలు కూడా చెప్పేవాడు. ఆమె ఒక్క ముక్క వినేది కాదు. ఆయన చొక్కా గుండీ ఎన్నిసార్లు లేచి పడుతోందో లెక్కపెట్టేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఊపిరి లెక్కపెడతానని చెప్పే లెక్కపెట్టొచ్చు కదా అని.

"చెప్పినామంటే వాడు ఊపిరి మార్చేస్తాడమ్మీ. ఫోటోకు నిలబడినట్ల బిగుసుకుంటాడు. మనిషి మరిసిపోయి తీసుకునేదే అసలు ఊపిరి" అంది.

ఆమెకు ఇంకో పరీక్ష ఉండేది. దగ్గుతోనో ఆయాసంతోనో వచ్చిన వాళ్లను ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా దారిలో తగిలే ఊళ్లు ఒక్క ఊపిరిలో చెప్పమనేది. ఆళ్లగడ్డ, నల్లగట్ల, బత్తలూరు, శిరివెళ్ల మెట్ట, దీబగుంట్ల, అయ్యలూరు మెట్ట, నంద్యాల. ఛాతీ బాగున్న వాళ్లు ఆగకుండా నంద్యాల చేరేవాళ్లు. బాగాలేని వాళ్లు మధ్యలో ఏదో ఒక ఊళ్లో ఆగి గాలి పీల్చుకునేవాళ్లు. "నువ్వింకా అయ్యలూరు కాడ ఉండావు, రెండు దినాలు సూద్దాం" అని కొందరిని పంపేసేది. నల్లగట్లలోనే ఆగిన వాళ్లను మాత్రం చెయ్యి పట్టుకుని తనే ఆసుపత్రికి తీసుకుపోయేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, చదువుకున్న నర్సుకు ఇదేం వైద్యమని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. నవ్విన నాపచేనే పండుతుందని ఊరికే అనలేదు.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో మా వీధిలో జ్వరం లేని ఇల్లు వెతకాల్సి వచ్చేది. ఆమె రిటైరై అప్పటికే చాలా కాలమైంది. తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నా ఎవరూ తప్పుపట్టరు. ఆమె కూర్చోలేదు. పల్స్ ఆక్సీమీటరు ఒకటి సంపాదించి, పాత వక్కపొడి డబ్బాలో పెట్టుకుని, మూతికి రెండు మాస్కులు కట్టి, పొద్దునా సాయంత్రం గడప గడపా తిరిగేది. ఎవరింటికి వెళ్లినా ముందు తన వేలికి పెట్టుకునేది. తర్వాతే జ్వరం మనిషి వేలికి. "ముందు మనది సరిగ్గా ఉండాదో లేదో సూసుకోవల్ల. తర్వాత గదా ఇంకొకరిది సూసేది" అనేది. అది మిషను గురించే చెప్పేది. నాకు మాత్రం ఆ మాట చాలా చోట్ల పనికొచ్చింది.

మొదటిసారి నా వేలికి పెట్టిన రోజు నాకు బాగా గుర్తు. ఆరేసిన బట్టలకు పెట్టే క్లిప్పంత ఉంది. వేలు లోపల పెట్టగానే ఎర్రగా వెలిగింది. కాసేపు గీతలు చూపించి రెండు అంకెలు వేసింది. పెద్ద అంకె ఆక్సిజన్, చిన్నది నాడి అని చెప్పింది. సూది లేదు, చుక్క రక్తం లేదు, నా రక్తం సంగతి దీనికెట్లా తెలిసిందని అడిగాను.

"చిన్నప్పుడు టార్చిలైటు మీద అరచెయ్యి పెట్టినావా? చెయ్యంతా ఎర్రగా కనపడతాది గదా. ఇదీ అంతే. గాలి మోసే రక్తం ఈ వెలుగును ఒక రకంగా తాగుతాది, గాలి లేని రక్తం ఇంకో రకంగా తాగుతాది. ఎంత తాగిందో, ఎంత అవతలికి వచ్చిందో సూసి ఇది లెక్క చెప్తాది."

నాకు ఒళ్లు జలదరించింది. లోపల, కంటికి కనపడని చోట, నా ప్రమేయం లేకుండా రక్తం గాలిని మోసుకుని తిరుగుతోంది. అది ఎంత మోస్తోందో ఒక చిన్న వెలుగు వేలి కొసన నిలబడి చూసి చెప్తోంది. నేను ఆ వేలిని హారతి అద్దుకున్నట్టు కళ్లకద్దుకున్నానని సిస్టరమ్మ తర్వాత వీధంతా చెప్పి నవ్వించింది. అద్దుకున్న మాట నిజమే. ఇప్పటికీ ఆ ఎర్ర వెలుగు చూస్తే నాకు అట్లాగే అనిపిస్తుంది.

ఆమె మా అందరికీ లెక్క నేర్పింది. "తొంభై ఐదు, ఆ పైన ఉంటే అన్నం తిని పండుకో. తొంభై నాలుగుకు దిగితే నాకు చెప్పు. తొంభై కిందికి పోతే నాకు చెప్పేదానికి కూడా ఆగొద్దు, బండి ఎక్కు." శిల్పుల చేతులు ఉలి పట్టి పట్టి కాయలు కాసి ఉంటాయి. వాళ్ల వేళ్లకు మిషను ఒక్కోసారి అంకె చూపించేది కాదు. వేడి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోమని, చేతులు వెచ్చబడ్డాక మళ్లీ పెట్టేది. మా ఆయన చూసి మాకూ ఒక మిషను తెప్పించాడు.

అప్పుడే మామకు జ్వరం వచ్చింది. మొదటి రోజులన్నీ మా ఆయనే చూసుకున్నాడు. తండ్రి పరుపు మీద పక్కన కూర్చుని, వేలికి మిషను పెట్టి, అంకె చూసి, వంటింటి క్యాలెండరు మీద రాసేవాడు. తొంభై ఆరు, తొంభై ఐదు. ఒక సాయంత్రం తొంభై నాలుగు. మర్నాడు పొద్దునకు మా ఆయనకే జ్వరం వచ్చి నడవలో పడుకున్నాడు. అత్తకు చూపు ఆనదు. ఆ పని నాకు వచ్చింది.

మామ గోడకు ఆనుకుని పరుపు మీద కూర్చుని ఉన్నాడు. నేను వంగి ఆయన వేలికి మిషను తగిలించి, అలవాటు ప్రకారం వెనక్కి జరిగి ఎదురుగా నిలబడ్డాను. ఆయన చెయ్యి నా వైపు చాపాడు. అంకె స్పష్టంగా కనిపించింది. తొంభై ఎనిమిది. చిన్న అంకె వైపు నేను చూడనే లేదు. గట్టిగా అరిచాను. అత్త దేవుడికి దీపం పెట్టి అందరి నోట్లో బెల్లం ముక్క పెట్టింది. మామ కూడా హుషారుగానే ఉన్నాడు. "నేను చెప్పలా, నాకేం కాలా. ఉప్మా చెయ్యి" అన్నాడు. దూరపు కొండలు నునుపంటారు. నాకు నాలుగడుగుల దూరంలో ఉన్న వేలే నునుపుగా కనిపించింది.

సిస్టరమ్మ వచ్చేసరికి నేను గడపలోనే ఎదురెళ్లాను. "మా ఇంటికి రావద్దులే సిస్టరమ్మా, వేరే వాళ్లను చూసుకోండి. తొంభై ఎనిమిది వచ్చింది" అన్నాను.

"నిన్న సాయంత్రం ఎంత?"

"తొంభై నాలుగు."

"జ్వరంలో ఉండే మనిషికి రాత్రికి రాత్రి అట్ల ఎగరదమ్మీ. జరుగు" అని లోపలికి వచ్చేసింది. మామ గది గుమ్మంలో నిలబడి ఆయన్ని చూసింది. "ఏమన్నా, నంద్యాలకు పోదామా?" అంది.

మామ నవ్వాడు. ఆ ఆట ఆయనకూ తెలుసు. "ఆళ్లగడ్డ, నల్లగట్ల, బత్తలూరు..." అన్నాడు. శిరివెళ్ల అని ఆగి, నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు. "మెట్ట" అని పూర్తిచేయడానికి ఇంకో ఊపిరి కావలసి వచ్చింది. ఆయన మొహంలో నవ్వు మాత్రం అట్లాగే ఉంది.

"మీ మామ శిరివెళ్ల దాటలా" అంది సిస్టరమ్మ నా వైపు తిరక్కుండానే.

మా మిషను తీసుకుని ముందు తన వేలికి పెట్టుకుంది. తర్వాత వెళ్లి పరుపు మీద, మామ పక్కన కూర్చుంది. మా ఇంట్లో ఆ గది దాకా బయటి వాళ్లు రావడమే తక్కువ. అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. సిస్టరమ్మ మామ వేలికి మిషను పెట్టి, ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, నిమిషం సేపు కదలకుండా చూసింది.

"పొద్దున నువ్వు యాడ నిలబడి సూసినావు?"

చూపించాను.

"ఈడికి రా. ఈ పక్క కూసో."

"పరుపు మీదనా?"

"పరుపు మీదనే. బేగా రా."

మామ కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు. బిడియంతో ఒక కొసన కూర్చుని ఆయన వేలి వైపు చూశాను. ఎనభై ఆరు.

"ఇప్పుడు లేసి నీ తావుకు పో" అంది. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. అదే వేలు, అదే మిషను. తొంభై ఎనిమిది.

ఎనభై ఆరును తలకిందులుగా చూస్తే తొంభై ఎనిమిది అవుతుంది. మామ ఊపిరి మెల్లమెల్లగా మునిగిపోతుంటే నేను మర్యాదగా ఎదురుగా నిలబడి, మునగడాన్ని తేలడమని చదివి, ఇంట్లో బెల్లం పంచిపెట్టించాను. అక్కడే గోడ పట్టుకుని ఏడవబోయాను.

"ఏడ్సేది తర్వాత పెట్టుకో. మిషను అబద్ధం చెప్పలా, నువ్వూ చెప్పలా. నిలబడిన తావు తప్పు. అంతే. పో, దిండ్లు తీసుకురా" అంది. ఆ గొంతులో కోపం ఎంత వెతికినా దొరకలేదు. మామూలు రోజుల్లో ఉప్పు తక్కువైందని కూడా కసిరే మనిషి.

అంబులెన్సులన్నీ దారుల మీదే ఉన్నాయి, ఎప్పుడొస్తాయో చెప్పలేమన్నారు. సరుకులు తెచ్చే మా అంగడి వ్యానులో పరుపు వేయించింది. మామను బోర్లా పడుకోబెట్టి ఛాతీ కింద ఒక దిండు, కాళ్ల కింద ఒక దిండు పెట్టింది. నన్ను ఆయన పక్కన కూర్చోబెట్టి, "ఊరూరికీ అంకె చెప్పు" అని తను ఫోను పట్టుకుంది. నంద్యాలలో తన కింద పనిచేసిన పాత నర్సులను ఒక్కొక్కరినే అడుగుతోంది, ఆక్సిజన్ ఉన్న మంచం ఎక్కడుందని.

నల్లగట్లలో ఎనభై ఐదు. ఆమె విని తలూపి ఇంకో నంబరుకు ఫోను చేసింది. బత్తలూరులో ఎనభై ఏడు. మామ ఏదో అనబోయాడు. "గమ్మున పండుకో అన్నా. ఊళ్ల పేర్లు మేం చెప్తాం. నువ్వు గాలి పీల్చు, సాలు" అంది. శిరివెళ్ల మెట్ట వచ్చేసరికి ఎనభై తొమ్మిది. పొద్దున ఆయన దాటలేకపోయిన ఊరు వ్యాను కిటికీలోంచి వెనక్కి పోతుంటే ఆమె నా భుజం నొక్కింది. మనిషిని తిప్పి పడుకోబెడితే, అంతమాత్రానికే రక్తం ఇంకాస్త గాలి పట్టుకుంటుందని నా కళ్లతో నేను చూశాను. దీబగుంట్ల దగ్గర ఎనభై ఎనిమిదికి దిగింది. అయ్యలూరు మెట్టలో తొంభై. అక్కడ ఉండగానే ఆమె ఫోనులోంచి తల ఎత్తి, "దొరికింది" అంది. అంత చిన్న మాట అంత పెద్దగా నేను ఇంకెప్పుడూ వినలేదు.

మామ ఆసుపత్రిలో మూడు వారాలు ఉండి ఇంటికి వచ్చాడు. సగం మనిషయ్యాడు. వచ్చిన రోజు నేను ఎదురుగా నిలబడి, తల వంచుకుని, తప్పైపోయింది మామా అన్నాను. "ఈడ కూసో ముందు" అని పక్కన చోటు చూపించాడు. "నాకు మర్యాద ఇయ్యబోయి నువ్వు దూరం నిలబడినావు. ఆ మర్యాదే నన్ను మింగబోయింది. ఇంక మన ఇంట్లో అది ఒద్దు." వారం తర్వాత అత్త కూడా ఆయన మంచం మీద కూర్చుని మాత్రలు ఇవ్వడం చూశాను.

సిస్టరమ్మ అంతటితో వదల్లేదు. నా నుదుటి మీది స్టిక్కరు బొట్టు ఊడబెరికి మా మిషను మీద, అంకెలకు పై వైపు అంటించింది. "మొహానికి బొట్టు యాడుంటాది? పైన. మిషనుకు బొట్టు పైన కనపడితేనే అంకె చదవండి. కింద కనపడిందంటే లేసి పక్కకు పోండి" అంది. నాలుగు రోజుల్లో మా వీధిలో ఉన్న మిషన్లన్నిటికీ బొట్లు వచ్చాయి. జన్మలో బొట్టు పెట్టుకోని మనిషి, పొట్లాల కొద్దీ స్టిక్కర్లు మా అంగట్లోనే కొని, వక్కపొడి డబ్బాలో వేసుకుని తిరిగింది. నా పొరపాటు గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. "ఒక ఇంట్లో ఇట్ల జరిగినాది" అనేది, అంతే.

తర్వాత ఆమె ఛాతీయే చెడింది. ఒంటరిగా ఉండలేక నంద్యాలలో తమ్ముడింటికి చేరింది. పోయిన నెల చూడటానికి వెళ్లాను. ముక్కుకు సన్నని గొట్టం, మంచం పక్కన గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం గుయ్యిమంటోంది. తలగడ దగ్గర అదే డబ్బా. కళ్లతోనే డబ్బా వైపు చూపించింది. నేను మిషను తీసి ముందు నా వేలికి పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది. ఆమె పక్కన మంచం మీద కూర్చుని ఆమె వేలికి పెట్టాను. బొట్టు పైనే ఉంది. ఆ ఎర్ర వెలుగులో ఆమె వేలు బక్కగా, ఎముక కనిపించేట్టు ఉంది.

"ఎంత?"

అబద్ధం చెబుదామనిపించింది. కూర్చున్న చోటు చెప్పనివ్వలేదు. "ఎనభై ఆరు" అన్నాను.

ఆమె కళ్లు మెరిశాయి. "అవతలికి పోయి నిలబడి చదువు. నాకూ తొంభై ఎనిమిది వినాలని ఉండాది" అంది.

లేచి వెళ్లి, ఎదురుగా, నాలుగడుగుల దూరంలో, తల కాస్త వంచి నిలబడ్డాను. "తొంభై ఎనిమిది సిస్టరమ్మా" అన్నాను. దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఆమె అంతసేపు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత చేత్తో మంచం తట్టి నన్ను మళ్లీ పక్కన కూర్చోబెట్టుకుంది. ఊళ్లు ఈ కొస నుంచి మొదలుపెట్టింది. "నంద్యాల, అయ్యలూరు..." అని ఆగింది. నేను అందించబోతే చెయ్యెత్తి ఆపింది.

"నేను ఈడ దిగిపోతాండానమ్మీ. మీ మామకు చెప్పు."

ఇంటికొచ్చి ఆ మాట మామకు చెప్పాను. మంగళవారం బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు, నేను ఆయన పక్కన. తమ్ముడింటి ముందు షామియానా వేశారు. తెల్ల చీరలో ఆమె పెట్టెలో ఉంది. చుట్టూ ఊరి మనుషులు, నర్సులు, ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఇద్దరు శిల్పులు. అందరూ కాళ్ల వైపు నిలబడి దండం పెట్టి పక్కకు జరుగుతున్నారు. మామ అట్లా నిలబడలేదు. ఒక కుర్చీ అడిగి తెప్పించుకుని, పెట్టె పక్కన, ఆమె తల దగ్గర వేసుకుని కూర్చున్నాడు. చెయ్యి పెట్టె అంచు మీద ఆనించాడు. ఒకసారి నిండుగా గాలి పీల్చుకున్నాడు.

"ఆళ్లగడ్డ, నల్లగట్ల, బత్తలూరు, శిరివెళ్ల మెట్ట, దీబగుంట్ల, అయ్యలూరు మెట్ట, నంద్యాల."

నేను ఆయన చొక్కా గుండీనే చూస్తున్నాను. అది ఒక్కసారే లేచింది. చివరి ఊరి దాకా మెల్లగా దిగుతూ వచ్చింది.